పద్నాలుగు గ్రాములు

ఆ వేసవి పెళ్ళిళ్ళు మొదలైన రెండో వారంలోనే అన్నయ్య పేరు పోయింది. పాతికేళ్ళు కష్టపడి తెచ్చుకున్న పేరు ఆరు నిమిషాల్లో పోయింది.

పెళ్ళికూతురి తండ్రిని ఆసుపత్రి నుంచి గంటసేపటి కోసం తీసుకొచ్చారు. చక్రాల కుర్చీలో, ముక్కుకి గొట్టంతో వచ్చాడాయన. హాల్లో అందరూ లేచి దారి ఇచ్చారు. అన్నయ్య వీడియో కెమెరా భుజానికెత్తుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, ఆయన రావడాన్ని వేదిక దాకా తీశాడు. నేను లైటు పట్టుకుని పక్కనే ఉన్నాను. బ్యాటరీ ఇంకా నలభై మూడు శాతం ఉందని తెర మీద కనిపిస్తోంది. ఆయన కూతురి తల మీద చెయ్యి వేసి ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. గొంతు పైకి రావడం లేదు. సరిగ్గా అప్పుడు తెర నల్లబడింది.

నలభై మూడు నుంచి సున్నాకి పడిపోయింది. అన్నయ్య జేబులోంచి ఇంకోటి తీసి పెట్టాడు. అది ఒకసారి వెలిగి ఆరిపోయింది. మూడోది వెనకగదిలో ఛార్జింగ్‌లో ఉంది. నేను పరిగెత్తి తెచ్చేసరికి కుర్చీ గుమ్మం వైపు తిరిగిపోయింది. ఫోన్లలో తీసినవాళ్ళు చాలామందే ఉన్నారు. కానీ అందరి ఫోన్లలోనూ పడింది అన్నయ్య వీపే.

మూడు వారాల తర్వాత ఆయన పోయాడు. ఆ తర్వాతి వారం పెళ్ళికూతురు ఒక్కతే మా స్టూడియోకి వచ్చింది. మా ఇంటి ముందుగదే స్టూడియో. మధ్యగదిలో నేను కూర్చుని వీడియోలు కత్తిరించి అతికిస్తాను. వెనకవైపు అన్నయ్య, వదిన, ఎనిమిదేళ్ళ పాప, నేను ఉంటాం.

"నాన్న మాట్లాడింది ఉందా అండీ?" అని అడిగిందా అమ్మాయి.

"కుర్చీలో రావడం వరకూ ఉందమ్మా," అన్నాడు అన్నయ్య.

"మాట్లాడింది?"

అన్నయ్య నా వైపు చూశాడు. నేను చివరి పదకొండు సెకన్లు పెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు ఇచ్చాను. మూడుసార్లు విన్నది. "అప్పుడు ఏడుపులో నాకేం వినపడలేదు. వీడియోలో వినొచ్చులే అనుకున్నాను," అని హెడ్‌ఫోన్లు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. తిట్టలేదు. తిట్టి ఉంటే అన్నయ్య ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాడు.

బ్యాటరీల సంగతి ఇంట్లో నా చేతిలో ఉండేది. మా కెమెరా పాతది. కంపెనీవాళ్ళు ఆ రకం తయారీ ఆపేసి చాలా ఏళ్ళయింది, దాని బ్యాటరీలూ ఆపేశారు. ఎక్కడో కంపెనీ పాత సరుకు మిగిలి ఉంటే తప్ప, బజార్లో దొరికేవి వేరేవాళ్ళు చేసినవే. అందులో రెండు రకాలు. ఒకటి ఆకుపచ్చ లేబుల్‌వి. అవి చేసినవాళ్ళు తమ పేరే వేసుకుంటారు. శాతం తప్పు చూపించినా, ఎప్పుడు పెట్టినా గంటన్నర నడుస్తాయి. రెండోవి పేరూ ఊరూ లేనివి, బస్టాండు దగ్గర గుట్టగా పోసి అమ్ముతారు. ఒకరోజు గంట నడుస్తాయి, ఒకరోజు పది నిమిషాలు. నేను ప్రతి బ్యాటరీ మీదా తెల్ల టేపు అంటించి, ఎంతసేపు నడిచిందో రాస్తూ ఉంటాను. అన్నయ్యకి ఆ టేపు రాతలంటే వేళాకోళం. చవగ్గా వస్తాయని గుట్టలోంచే ఏరుకొచ్చేవాడు. "ఒరిజినల్ కొను అన్నయ్యా," అని మూడేళ్ళుగా పోరుతున్నాను. ఏనాడూ చెవిన పెట్టలేదు.

ఆ అమ్మాయి వెళ్ళిపోయిన సాయంత్రం భోజనాల దగ్గర అన్నయ్య అన్నాడు: "సరే. ఈసారి నువ్వు చెప్పినట్టే. ఒరిజినల్ ఎక్కడ దొరికితే అక్కడ కొనుక్కురా."

"తారీఖు రాసి పెట్టుకో," అంది వదిన నాతో. "మళ్ళీ ఈ జన్మలో వినం ఈ మాట."

*

కెమెరా సామాన్ల కొట్టాయన్ని అందరూ గ్యారంటీ అంటారు. ఏది కొన్నా "గ్యారంటీ లేదమ్మా, నడిచినన్నాళ్ళు నడుస్తుంది" అంటాడు కాబట్టి ఆ పేరు. నేను అడగ్గానే నవ్వాడు.

"ఆ కెమెరాని కన్నవాళ్ళే మర్చిపోయారు. ఒరిజినల్ ఎక్కణ్ణించి వస్తుంది?"

నేను బయల్దేరబోతుంటే, "ఉండమ్మా," అని లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చాడు. "మొన్ననే వచ్చాయి. ఎక్కడో గోడౌన్‌లో మిగిలిపోయినవట. పన్నెండు ముక్కలు."

పెట్టె మీద కంపెనీ పేరు, చెదరని సీలు, పక్కకి తిప్పితే రంగులు మారే స్టిక్కరు, అన్నీ ఉన్నాయి.

"వీటికైనా గ్యారంటీ ఉందా?"

"పెట్టె మీదే రాసుందిగా. నేనెందుకివ్వాలి?" అని, మళ్ళీ తనే, "నన్నడిగితే ఆకుపచ్చవి తీసుకో. తీసుకెళ్ళినవాళ్ళెవరూ వెనక్కి తేలేదు," అన్నాడు.

"మాకు ఒరిజినలే కావాలి," అన్నాను. కాస్త గొప్పగానే అన్నాను. మూడేళ్ళు పోరి గెలుచుకున్న మాట అది.

రెండు కొన్నాను.

ఇంటికొచ్చి పెట్టె విప్పి ఒకటి చేతిలోకి తీసుకోగానే ఏదో వెలితిగా అనిపించింది. కెమెరాతో పాటు వచ్చిన అసలు బ్యాటరీ, ఎప్పుడో చచ్చిపోయింది, నా సొరుగులో ఉంది. దాన్నీ దీన్నీ పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. వదిన పిండి తూచుకునే చిన్న కాటా గట్టు మీద ఉంది.

"ఏంటి, బ్యాటరీలు కూడా వండేస్తావా ఇవాళ?" అంది వదిన, కూరగాయలు తరుగుతూ.

"ఊరికే," అన్నాను.

పాతది తొంభై నాలుగు గ్రాములు. కొత్తది ఎనభై. తీసి మళ్ళీ పెట్టాను. ఎనభయ్యే. వెనక అక్షరాలు చూశాను. పాతదాని మీద ఉన్నవాటికంటే పిసరు లావుగా, అంచులు కొంచెం పాకినట్టుగా ఉన్నాయి. పక్కన పాతది పెట్టుకోకపోతే ఎవరికీ కనపడవు.

దాని అర్థం నాకు తెలుసు. లోపల చిన్న సెల్స్ ఉండాలి, లేదంటే వేడెక్కినప్పుడు ఛార్జింగ్ ఆపే చిన్న సర్క్యూట్ పలక లేకుండా ఉండాలి. తర్వాత ఎవరైనా అడిగితే తెలియదని చెప్పుకునే అవకాశం నాకు లేదు. ఎప్పుడో తయారైనదాని కంటే తర్వాత చేసింది తేలిగ్గా ఉంటుందేమో అనుకున్నాను. అలా అనుకోవడానికి కొంచెం కష్టపడ్డాను కూడా.

అన్నయ్య ముందుగదిలో ఎవరికో ఫోన్లో చెబుతున్నాడు, ఇకనుంచి మా దగ్గర అన్నీ ఒరిజినలేనని. నేనిప్పుడు వెళ్ళి మోసపోయానని చెబితే ఏమవుతుంది? నవ్వుతాడు. ఆ రోజుతో పోదు, ప్రతి భోజనం దగ్గరా, చుట్టాలు వచ్చినప్పుడల్లా, తీరిగ్గా నవ్వుతాడు. "మా చెల్లి ఒరిజినల్ కొంది" అని. నేను నోరు మూసుకోవడానికి ఇంతకు మించిన కారణమేదీ లేదు. ఎంత వెతికినా ఇంకోటి దొరకలేదు.

తెల్ల టేపు కత్తిరించి రెండిటికీ అంటించాను. ఒరిజినల్ ఒకటి, ఒరిజినల్ రెండు అని రాశాను. తారీఖు వేశాను.

*

నాలుగు వారాలు అవి బ్రహ్మాండంగా నడిచాయి. ఒక్కోటి గంటా యాభై నిమిషాలు వచ్చేది. ఛార్జింగ్‌లోంచి తీసేటప్పుడు చెయ్యి చురుక్కుమనేది. ఎండాకాలం కదా అనుకునేదాన్ని.

అన్నయ్య కొత్త మనిషి అయ్యాడు. పని దొరకదేమోనని భయపడినవాడికి మెల్లగా మళ్ళీ పిలుపులు వచ్చాయి. ఎక్కడికెళ్ళినా కెమెరావాళ్ళతో ఇదే మాట: "ఆ చెత్త వాడకండి. నేను పోగొట్టుకున్నది చాలు. మా చెల్లి మూడేళ్ళు చెప్పింది, వినలేదు. గ్యారంటీ దగ్గర ఒరిజినల్స్ వచ్చాయి, వెళ్ళి తెచ్చుకోండి." వినేవాళ్ళలో నిచ్చెన ఒకడు. ఫొటోలు తీస్తాడు, అన్నయ్యకి చిన్ననాటి స్నేహితుడు. ఎంత జనంలోనైనా స్టూలు ఎక్కకుండానే ఫొటో తీయగల పొడుగు కాబట్టి నిచ్చెన. ఆ మాట విని నా వైపు చూసి, "అయితే చెల్లెమ్మ మాటే మాకూ వేదం," అన్నాడు. నేను లైటు స్టాండు మడుస్తూ ఉండిపోయాను.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి ఒరిజినల్ ఒకటి ఛార్జర్ ఎడమ గడిలో పెట్టాను. రెండు గడుల ఛార్జర్ అది. కుడి గడి ఖాళీగా వదిలేశాను. వదిన పాపని మధ్యగదిలో మంచం మీద పడుకోబెట్టింది. ఇంట్లో ఆ గదే కాస్త చల్లగా ఉంటుంది. నేను నాలుగు వీధుల అవతల ఒకాయనకి ఆల్బమ్ ఇవ్వడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి గేటు తెరిచి ఉంది. వాకిట్లో నేల మీద నల్లటి ముద్ద ఒకటి పొగలు కక్కుతోంది. వదిన పాపని చంకనెత్తుకుని మెట్ల మీద నిలబడి ఉంది. పాప ఏడవడం లేదు, దగ్గుతోంది. అన్నయ్య కుళాయి దగ్గర కూర్చుని కుడిచెయ్యి బక్కెట్లో పెట్టుకున్నాడు.

"పాపకేం కాలేదు," అన్నాడు నన్ను చూడగానే.

తర్వాత వదిన చెప్పింది. టప్‌మని చప్పుడు, ఆ వెంటనే గదినిండా పొగ. ఛార్జర్ పెట్టిన బల్లకీ మంచానికీ మధ్య జానెడు దూరం. దుప్పటి అంచు అంటుకుంది. అన్నయ్య ఒక చేత్తో పిల్లని ఇవతలకి లాగి పడేసి, ఇంకో చేత్తో మండుతున్న ఛార్జర్ని వైరుతో సహా పీకి, పట్టుకుని, రెండు గదులు దాటి వాకిట్లో విసిరేశాడు. గుడ్డ ఏదైనా చుట్టుకోవాలని తోచలేదు. కరిగిన ప్లాస్టిక్ అరచేతికి అతుక్కుపోయింది. విసిరినా చేతిని వదల్లేదట.

*

ఆసుపత్రిలో కట్టు కడుతుండగా అన్నయ్య మాతో చెప్పాడు.

"నువ్వెళ్ళాక రెండో గడిలో నా పాతదొకటి పెట్టాను. నువ్వు పారెయ్యమన్నావు, పారెయ్యలేదు. బ్యాగు అడుగున దాచుకున్నాను. అదే అంటుకుంది."

వదిన ఆయన ముఖంలోకి చూసింది. "పిల్ల పక్కన పెట్టారా దాన్ని?"

"పెట్టాను," అన్నాడు అన్నయ్య.

నాకు నిజంగానే ప్రాణం లేచొచ్చింది. ఆ క్షణాన సిగ్గు కూడా వెయ్యలేదు. అదే అయ్యుంటుంది అనుకున్నాను. గుట్టలోది, పేరులేనిది. అదే.

మర్నాడు పొద్దున వాకిలి ఊడుస్తూ ఆ ముద్దని విడదీసి చూశాను. కుడి గడిలోది పైన ఒకవైపు కరిగింది. లోపల రెండు సెల్స్ చుట్టూ ఉన్న కాగితం కూడా పూర్తిగా కాలలేదు. ఎడమ గడిలో సెల్స్ లేవు. విచ్చుకుపోయి చిరిగిన రేకు ఉంది. లోపల్నుంచి బయటికి చిరిగిన రేకు. దాని కింద, కరిగిన ప్లాస్టిక్‌లో కూరుకుపోయి, 'ఒరిజి' వరకు నా రాత మిగిలిన తెల్ల టేపు ముక్క.

ఒక రేకు డబ్బాలో ఇసుక పోసి రెండిటినీ అందులో పెట్టాను. బ్యాగులో ఉన్న ఒరిజినల్ రెండు కూడా తీసుకొచ్చి అదే ఇసుకలో పూడ్చి, డబ్బాని ప్రహరీ గోడ పక్కన పెట్టాను. అంతవరకే చేశాను. చెప్పాల్సింది చెప్పలేదు.

అన్నయ్య పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తొడ నుంచి చర్మం తీసి అరచేతికి అతికించారు. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు ఇదివరకటిలా వంగవని డాక్టరు ముందే చెప్పేసింది. ఇంటికొచ్చాక ఎడమచేత్తో చెంచా పట్టుకుని తినేవాడు. వదిన ఎదురుగా కూర్చునేది. ఆవిడ మామూలుగా నెమ్మదస్తురాలు. ఆ రోజుల్లో మాత్రం పాప దగ్గినప్పుడల్లా ఏదో ఒకటి అనేది.

"చవగ్గా వచ్చిందిగా. ఇప్పుడు చూడండి ఎంత చవగ్గా వచ్చిందో."

"అవును," అనేవాడు అన్నయ్య.

"చెల్లెలు చెబితే వేళాకోళం. నేను చెబితే వినపడదు. పిల్ల పక్కన నిప్పు పెట్టి, మీరు హాయిగా నిద్రపోయారు."

"అవును."

పెళ్ళైన పదేళ్ళలో ఆవిడతో ఒక్క విషయానికైనా అవునని ఎరగడు మా అన్నయ్య. ఇప్పుడు అవునంటూ పళ్ళెంలోకి చూసేవాడు. నేను పక్కనే కూర్చుని తినేదాన్ని. ఒకరోజు వదిన లేచి వెళ్ళాక నాతో అన్నాడు: "ఈ ఇంట్లో నువ్వొక్కదానివే సరిగ్గా ఉన్నావే. నీ మాట ముందే వినుంటే బాగుండేది."

నోరు తెరిచాను. "ఇంకొంచెం కూర వెయ్యనా?" అని అడిగాను.

ఇంటికొచ్చిన ఆరో రోజున నిచ్చెన చూడ్డానికి వచ్చాడు. సాయంత్రం, ఇంకా వెలుతురు ఉంది. ముందుగదిలో అన్నయ్య, వదిన, నేను ఉన్నాం. నిచ్చెన కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీలో ముడుచుకుని కూర్చుని, కట్టు వైపు చూడకుండా అవీ ఇవీ మాట్లాడాడు. ఎవరెవరికి పనులున్నాయి, ఎవరు కెమెరా అమ్మేశారు. చివరికి అన్నాడు: "నువ్వు చెప్పావని నేను వెంటనే మార్చేశాను గురూ. ఆ గుట్టవన్నీ పారేశా. గ్యారంటీ దగ్గర రెండు ఒరిజినల్స్ తెచ్చుకున్నా. లేకపోతే నాకూ ఇదే గతి పట్టేది."

"మంచి పని చేశావు," అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడవి ఎక్కడున్నాయి?" అని అడిగాను.

"ఇంట్లో. రేపు పొద్దున్నే పనుందిగా, ఛార్జింగ్‌లో పెట్టే వచ్చా."

"ఇంట్లో ఎవరున్నారు?"

"మీ అక్క ఉంది. ఎందుకు చెల్లెమ్మా?"

"ఫోన్ చెయ్యండి. గోడ దగ్గర స్విచ్చి ఆపెయ్యమనండి. వాటిని ముట్టుకోవద్దనండి. స్విచ్చి ఒక్కటే."

అతను నవ్వబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. ఫోన్ చేశాడు. మేం ముగ్గురం వింటూ కూర్చున్నాం. "స్విచ్చి ఆపెయ్. ఆపావా? ఏమీ లేదు, ఆపెయ్. ... ఆ? ... ఎంత వేడిగా? ... ఉబ్బిందా? సరే, నువ్వు బయటికి రా. పిల్లల్ని కూడా తీసుకుని బయటికి రా. నేనొస్తున్నా."

అతను చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగి నా వైపు చూశాడు. బండి చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

"ఎప్పుడు తెలుసు?" అన్నాడు అన్నయ్య.

"కొన్నరోజే అనుమానం వచ్చింది. కాలిన మర్నాడు తెలిసింది. ఎడమ గడిలోదే పేలింది అన్నయ్యా. నీది కాదు."

"అనుమానం ఎలా వచ్చింది?"

"కాటా మీద పెట్టి చూశాను. పద్నాలుగు గ్రాములు తక్కువుంది."

అన్నయ్య కట్టు కట్టిన చేతిని ఒళ్ళో నుంచి తీసి కుర్చీ చేతి మీద పెట్టుకున్నాడు. లేచి లోపలికి వెళ్ళి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చాలాసేపటికి, దీపం వెయ్యాలని కూడా ఎవరికీ తోచని ఆ గదిలో, వదిన గొంతు వినిపించింది.

"నేనాయన్ని అన్న మాటలన్నీ నువ్వు విన్నావు."

"ఊఁ."

"పక్కన కూర్చుని అన్నం తింటూ విన్నావు."

"ఊఁ," అన్నాను.

*

మర్నాడు రేకు డబ్బా తీసుకుని గ్యారంటీ కొట్టుకి వెళ్ళాను. ఇసుకలోంచి తీసి బల్ల మీద పెట్టేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మిగిలిన పెట్టెలో ఇంకా రెండున్నాయి. తూచాడు. ఆకుపచ్చ లేబుల్‌ది కూడా తూచాడు. అది తొంభై మూడు.

"నాకమ్మినవాడూ నీకు నేను చెప్పిన మాటలే చెప్పాడమ్మా," అన్నాడు. అరుస్తాననుకున్నాడేమో, నేను అరవకపోయేసరికి ఇంకా ముడుచుకుపోయాడు. "చెయ్యి ఎలా ఉంది?"

"కొన్నవాళ్ళ పేర్లు ఇవ్వండి," అన్నాను.

పన్నెండులో రెండు నావి, రెండు నిచ్చెనవి, రెండు కొట్టులోనే ఉన్నాయి. మిగిలిన ఆరూ ఐదుగురు కొన్నారు. నిచ్చెనవి అంటుకోకుండానే చల్లారాయి. అతనే బండి మీద నన్ను ఎక్కించుకుని తిప్పాడు. ప్రతి గుమ్మంలోనూ నేనే చెప్పాలి. ఒరిజినల్ కొనమని మా అన్నయ్య మీతో చెప్పాడు కదా, అది నా మాట, అవి నకిలీవి, నాకు ముందే అనుమానం వచ్చింది. మొదటి గుమ్మంలో సగం చెప్పి మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సొచ్చింది. మూడో గుమ్మం దగ్గరికి వచ్చేసరికి కంఠతా వచ్చేసింది, అది ఇంకా అసహ్యంగా అనిపించింది. ముగ్గురు మాట్లాడకుండా తెచ్చి ఇచ్చేశారు. వాళ్ళలో ఒకాయన భార్య లోపల్నుంచే అంది, "తెలిసి ఎలా ఊరుకున్నావమ్మా?" అని. వచ్చి తలుపు వేసేసింది. ఒకతను తనది బాగానే నడుస్తోందని, ఇవ్వనని చెప్పాడు. బతిమాలాను. ఇవ్వలేదు. ఐదో మనిషి ఊరు మారిపోయాడు, ఫోన్ కలవలేదు. ఆరింటిలో నాలుగు దొరికాయి. మిగిలిన రెండూ ఏ గదిలో, ఏ మంచం పక్కన ఉన్నాయో నాకు ఇప్పటికీ తెలియదు.

అన్నయ్య నాతో మాట్లాడ్డం మానేశాడు. కోప్పడ్డమూ లేదు. నేను గదిలోకి వస్తే పేపరు పేజీ తిప్పేవాడు, అంతే. వదిన ఆయనకి అన్నం కలిపిపెట్టి, పక్కన కూర్చుని, తినేదాకా కదిలేది కాదు. ఏమీ అనేది కాదు. అన్న మాటలు వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆవిడకి తెలియలేదు, అడగడం ఆయనకి తెలియలేదు. నేను వెళ్ళిపోవాలని రెండుసార్లు బట్టలు సర్దుకున్నాను. రెండుసార్లూ వదినే వచ్చి, "ఒప్పుకున్న పెళ్ళిళ్ళు ఇంకా నాలుగున్నాయి. ఎవరు తీస్తారు?" అని అడిగి వెళ్ళిపోయింది.

నేనే తీశాను. భుజానికి అలవాటు లేని బరువు. అన్నయ్య నా వెనక ఎడమవైపు నిలబడేవాడు. "కుడికి." "కిందికి." "ఉండు." "ఇప్పుడు వెళ్ళు." ఇవే ఆయన నాతో అన్న మాటలు. బ్యాటరీలు వదిన చూసుకునేది. అన్నీ ఆకుపచ్చవే. ఛార్జింగ్ ఎక్కినంతసేపూ వాకిట్లో స్టూలు వేసుకుని వాటి ఎదురుగా కూర్చునేది.

ఆఖరి పెళ్ళి మొదటి వాన పడిన రోజు. హాలు తలుపులు మూసేశారు, లోపల ఉక్క. నేను వేదిక ముందు కెమెరా పట్టుకుని ఉన్నాను. వదిన ఇంటి దగ్గర ఉండిపోయింది, పాపకి మళ్ళీ దగ్గు వచ్చింది. అన్నయ్య ఎప్పటిలాగే వెనక నిలబడ్డాడు. ఆయన కట్టు అప్పటికి విప్పేశారు. చెయ్యి జేబులో పెట్టుకునేవాడు, బొటనవేలు పట్టక సగమే లోపలికి వెళ్ళేది.

పెళ్ళివారి తరఫు పెద్దాయన ఒకరు అన్నయ్యని గుర్తుపట్టి దగ్గరికొచ్చారు. ఎప్పుడో వాళ్ళింట్లో ఏదో పెళ్ళికి మేమే తీశాం.

"ఏంటయ్యా, నువ్వు తియ్యట్లేదా? అరె, ఆ చెయ్యేంటి?"

"బ్యాటరీ పేలిందండీ," అన్నాడు అన్నయ్య.

"ఈ కెమెరా బ్యాటరీయా? బస్టాండు దగ్గర గుట్టగా పోసి అమ్ముతారే, అవి గానీ వాడావా?"

నేను వేదిక వైపే చూస్తున్నాను. పెళ్ళికొడుకు నవ్వుతున్నాడు, ఎవరో అతని భుజం తడుతున్నారు. మోచేతులు పక్కలకి గట్టిగా ఆనించుకున్నాను. వేదిక మీదికి ఇద్దరు మనుషులు వచ్చి, నిలబడి, వెళ్ళిపోయారు. అన్నయ్యకి నిజం తెలుసు. ఆ పెద్దాయన అడిగినదానికి నిజమే చెప్పొచ్చు. మా చెల్లెలు కొంది అంటే సరిపోతుంది, అందులో అబద్ధం ఏమీ లేదు.

"లేదండీ," అన్నాడు. "మంచివనే కొన్నాం."

"అయ్యో పాపం," అన్నారాయన.

"కుడికి జరుగు," అన్నాడు అన్నయ్య నాతో. "పెళ్ళికూతురి తండ్రి వస్తున్నాడు."

నేను కుడికి జరిగాను.